మా బావ చదవని పేరు

మా బావ నోరు విప్పితే వీధి వీధంతా వింటుంది. పొగడ్త కాదు, ఉన్నమాట. ఆయనకి సొంత రేడియో ఉంది.

రేడియో అంటే మీరు పెద్ద భవనం, గేటు దగ్గర జవాను, అలాంటివేవో ఊహించుకోకండి. నా కుట్టు షాపు మీద ఒక గది ఉంది. ఒకప్పుడు నేను గుడ్డల తానులు పేర్చుకునేదాన్ని. ఇప్పుడు అందులో ఒక మైకు, ఒక ముసలి కంప్యూటరు, చప్పుడు గోడలకి తగిలి వెనక్కి రాకుండా నేనే కుట్టి కొట్టించిన దూది పరుపులు ఉన్నాయి. అంతే స్టేషను. ఇంటర్నెట్టు ఉన్నవాళ్ళు ఫోన్లో వింటారు. మేడమీద ఉంది కాబట్టి పేరు కూడా "మేడమీది రేడియో." పేరు పెట్టడానికి మా ఇంట్లో ఎవరూ పెద్దగా బుర్రలు బద్దలు కొట్టుకోలేదు.

అంతకు ముందు బావ ఒక పెద్ద రేడియోలో వార్తలు చదివేవాడు. ఒకరోజు వాళ్ళు, పాటలు వాటంతటవే వస్తున్నాయి, ఇంక మనుషులతో పనేముంది అనేశారు. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి మా అక్కకి వార్తలు చదివినట్టే చదివి వినిపించాడట: "ముఖ్యాంశాలు. ఈ ఇంటాయన ఉద్యోగం పోయింది. వివరాలు భోజనం తర్వాత." మా అక్క ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. ఎదుటివాడి మొహం పాలిపోతే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. కంచం పెట్టి పక్కన కూచుంది. మర్నాడు నా దగ్గరికొచ్చి, "చెల్లీ, నీ తానుల గది ఇస్తావా?" అంది. ఇవ్వక చస్తానా!

గది ఇచ్చాను గానీ దానితోపాటు వచ్చే ఎర్ర బల్బు సంగతి నాకెవరూ చెప్పలేదు. మైకు తెరవగానే పైన గదిలో ఒకటి, కింద నా షాపులో ఒకటి, రెండు ఎర్ర బల్బులు వెలుగుతాయి. వెలిగాయంటే నా మిషను ఆగాలి, కత్తెర ఆగాలి, నోరు ఆగాలి. మొదటి రెండూ నాకు కష్టం కాదు. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు చేతులు రెండూ చాపి అలాగే బొమ్మల్లా నిలబడతారు, నేను వాళ్ళ నడుం చుట్టూ టేపు పట్టుకుని కళ్ళు మిటకరిస్తూ ఉంటాను. మా షాపులో కాజాలు కుట్టే పిన్ని ఒకావిడ ఉంది, అందరం కాజాల పిన్ని అంటాం. ఆవిడైతే ఈ బల్బు పుణ్యమా అని సైగల్లో పండిపోయింది. ఏ ఇంట్లో ఏ అత్తా కోడళ్ళు పోట్లాడుకున్నారో, ఎవరు గెలిచారో కూడా వేళ్ళతో చెప్పేస్తుంది.

బావకి ఒక పద్ధతి ఉంది. ఏ కార్యక్రమమైనా సరే, అయిపోగానే అందులో చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళ పేరూ చదువుతాడు. పాడినవాళ్ళూ, రాసినవాళ్ళే కాదు. "ఫ్యాను ఆపినవారు ఫలానా, టీ తెచ్చినవారు ఫలానా, మెట్ల మీద పిల్లలు అరవకుండా చూసినవారు ఫలానా" అని ఇంటిపేర్లతో సహా చదువుతాడు. ఒకసారి కార్యక్రమం మధ్యలో కరెంటు పోతే, బాగుచేసిన లైన్‌మాన్ పేరు కనుక్కుని మరీ చదివాడు. ఆ లైన్‌మాన్ వాళ్ళావిడ మర్నాడు నా షాపుకొచ్చి, పని ఏమీ లేకపోయినా ఒక జాకెట్టు కుట్టడానికిచ్చి వెళ్ళింది.

అందరి పేర్లూ చదివే ఈ మహానుభావుడు తన పేరు మాత్రం చదవడు.

"అదేంటి బావా, నీ పేరేది?" అన్నాను ఒకసారి.

"నా డప్పు నేనే కొట్టుకోమంటావా మరదలా? పక్కవాళ్ళు కొడితే అందం."

"పక్కవాళ్ళకేం పట్టింది?"

"పడుతుంది చూడు. కళల పేజీ ఉందిగా."

అదిగో, అక్కడుంది అసలు రోగం. మా ఊరి పత్రికలో గురువారం గురువారం కళల పేజీ వస్తుంది. ఎక్కడ పాట కచేరీ, ఎక్కడ నాటకం, ఎవరు బొమ్మలు వేశారు, అన్నీ అందులోనే. మా బావ గురువారం పొద్దున్నే ఆ పేజీని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రేడియోలో చదువుతాడు. చూపు ఆనని పెద్దవాళ్ళుంటారు, పొయ్యి దగ్గర నుంచి కదలడానికి వీల్లేనివాళ్ళుంటారు, వాళ్ళకి ఎవరు చదివి పెడతారు అంటాడు. చదివి ఊరుకోడు. "ఎంత బాగా రాశారో చూశారా" అని మధ్యమధ్యలో మెచ్చుకుంటాడు కూడా. ఆ పేజీలో రాసినాయన పేరుండదు, "మా కళా విలేఖరి" అని ఉంటుందంతే. ఉంటే అదీ చదివేవాడే.

ఇంత చేసినా ఆ పేజీలో మేడమీది రేడియో గురించి ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క రాలేదు. బావ కొత్త పాటగాళ్ళని పిలిచి పాడించాడు. రాలేదు. కళ్ళు లేని ఒక పెద్దాయన ఈ ఊరి పాత వీధుల శబ్దాలు ఎలా ఉండేవో వారం వారం చెప్తే, జనం పనులు మానుకుని విన్నారు. రాలేదు. అగ్గిపుల్లలతో మేడ కట్టినాయనకి మాత్రం అరపేజీ, ఫోటోతో సహా! అగ్గిపుల్లల మేడలో ఎవరుంటారండీ? నా ఒళ్ళు మండిపోయింది.

నేను ఊరుకునే రకాన్ని కాదు. టేపు మెళ్ళో వేసుకుని అలాగే పత్రికాఫీసుకి వెళ్ళాను. కళల పేజీ ఆయన బయటికెళ్ళారని చెప్పింది ముందు గదిలో టెలిఫోను దగ్గర కూచున్నావిడ.

"ఎప్పుడొస్తారు?"

"చెప్పలేమండీ. కళల కోసం తిరుగుతుంటారు."

"మా బావ రేడియో కూడా కళేనమ్మా. అటెందుకు తిరగరు?"

"రేడియో అంటే ఫోటో ఉండదు కదండీ. ఫోటో లేనిది పేజీలో ఏం పెడతారు?" అంది పాపం, తనకి తోచింది.

"మా బావ ఫోటో ఇస్తాను. మరీ అంత భయపడేలా ఏం ఉండడు" అన్నాను. ఆవిడ నవ్వింది గానీ ఫోటో తీసుకోలేదు. నేను పళ్ళు నూరుకుంటూ వచ్చేశాను.

బావ పైకి నవ్వుతూనే ఉండేవాడు. కానీ గురువారం పేజీ చదివేటప్పుడు ముందు ఒకసారి కళ్ళతో పై నుంచి కిందికి గబగబా వెతుక్కునేవాడు. వెతికినట్టు నాకు తెలియదనుకునేవాడు. సూదిలో దారం ఎక్కించే కళ్ళు నావి, నాకు తెలియకేం?

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడ్డాడు. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం ఖాళీ ఉందట, అడిగితే ఇస్తామన్నారట.

"ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడమా?" అన్నాను.

"ఎవరో ఒకరు వింటారుగా. వినకపోతే బస్సు తప్పిపోతుంది కాబట్టి చచ్చినట్టు వింటారు" అన్నాడు. నవ్వలేదు.

మా అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇంట్లో ఇబ్బందేం లేదు కదా. నేను ఏమైనా అన్నానా?"

"నువ్వేం అనలేదు. నువ్వేకాదు, ఎవరూ ఏమీ అనడం లేదు. అదే నా బాధ. బాగుందనకపోతే పోనీ, బాలేదని రాయొచ్చుగా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఒక్కోసారి మైకు ముందు కూచుంటే, నేను చేస్తున్నది అసలు ఉందా లేదా అని నాకే అనుమానం వస్తోంది." కాసిని నీళ్ళు తాగాడు. "వచ్చే ఆదివారం నాటకం వేద్దాం. గట్టిగా వేద్దాం. కళల పేజీ వాళ్ళని పిలుద్దాం. ఆ తర్వాత గురువారం పేజీలో ఒక్క ముక్క వచ్చిందా, సరే. రాకపోతే పేజీ చదివేసి, శ్రోతలకి సెలవని చెప్పేసి, గది నీకు అప్పగించేస్తాను మరదలా. తానులు పెట్టుకో."

నాకు ఆ గది ఎంత అవసరమో దేవుడికి తెలుసు. తానులు మంచం కింద పెట్టుకుంటున్నాను. అయినా, "నీ గది ఎవడిక్కావాలి! ముందు నాటకం సంగతి చూడు" అని కసిరేశాను.

నాటకం మందుల షాపాయన రాశాడు. వానలో ఒక చిన్న రైలు స్టేషను, రాని రైలు కోసం చూసే ఒకావిడ, ఆవిడతో కబుర్లు చెప్పే ముసలి స్టేషను మాస్టరు. ఆవిడగా రిటైరైన హెడ్మిస్ట్రెస్ అమ్మగారు, మాస్టరుగా సెలూనాయన. ఇక వాన, ఉరుము, తలుపు, అడుగుల చప్పుడు, ఇవన్నీ చెప్పులు కుట్టే తాత పని. మా నాటకాలన్నిటికీ శబ్దాలు ఆయనే. ఆయనకి సరంజామా అందించేది నేను. జల్లెడలో ఎండు బఠాణీలు తిప్పితే వాన, రేకు ఊపితే ఉరుము, చెక్కకి బిగించిన తుప్పు పట్టిన మడతబందు తిప్పితే కిర్రుమనే తలుపు. కంకర పోసిన పెద్ద పళ్ళెంలో జోళ్ళు నడిపిస్తే మనిషి నడిచినట్టే ఉంటుంది.

అద్భుతం ఏమిటంటే, ఈసారి పత్రిక నుంచి జవాబొచ్చింది. "ఆదివారం సాయంత్రం వస్తున్నాం" అని. బావ ఆ ఫోను తెచ్చి నాకు చూపించాడు, అక్కకి చూపించాడు, కాజాల పిన్నికి చూపించాడు. ఆదివారం నాడు నేను కుట్టిన కొత్త చొక్కా ఇస్త్రీ చేసి వేసుకొచ్చాడు.

"రేడియోకి ఇస్త్రీ ఎందుకు బావా?"

"గొంతులో తెలిసిపోతుంది" అన్నాడు గంభీరంగా.

పైన గదిలో కాలు పెట్టే చోటు లేదు కాబట్టి పత్రికాయన్ని కింద నా షాపులో కూచోబెట్టాలని నిర్ణయించాం. ఉన్న ఒక్క మంచి కుర్చీ ఫ్యాను కింద వేశాం. మంచి హెడ్‌ఫోను తెచ్చాం. కాజాల పిన్నికి టీ, బిస్కెట్ల బాధ్యత అప్పగించాం. ఆయన రాగానే సకల మర్యాదలూ చెయ్యమని, మర్యాదల్లో ఏ లోటూ రాకూడదని మరీ మరీ చెప్పాను.

అంతా సిద్ధమనుకునేసరికి చెప్పులు కుట్టే తాత ఫోను. "అమ్మాయ్, ఒళ్ళు కాలిపోతోంది, లేవలేకపోతున్నా. మా అల్లుణ్ణి పంపిస్తున్నా. కళ్ళజోడు ఉంటుంది. మహా బిడియస్తుడు, నోట్లోంచి మాట రాదు. నువ్వు పని చెప్తే చేస్తాడు, మొహమాటపడకు."

నేను మొహమాటపడతానా?

టైమయింది. అల్లుడు రాలేదు. బావ మైకు తెరిచేశాడు, ఎర్ర బల్బు వెలిగింది. నాటకం మొదలు. నేనొక్కదాన్నే ఒక చేత్తో వాన, ఇంకో చేత్తో తలుపు. ఇంతలో మెట్ల మీద నుంచి మెల్లగా ఒకాయన తొంగిచూశాడు. కళ్ళజోడు. బిడియం. నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. ఎర్ర బల్బు వెలుగుతుండగానే! ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టేశాను. బల్బు కేసి చూపించాను. ఆయన తలూపాడు. జేబులోంచి ఏదో కార్డు తీశాడు. ఇప్పుడు కార్డెందుకయ్యా బాబూ, అని కళ్ళతోనే కసిరి, కార్డు ఆయన జేబులోనే కుక్కి, భుజాలు పట్టుకుని కంకర పళ్ళెం ముందు కూలేశాను. నా ఎత్తు మడమల చెప్పులు రెండూ ఆయన రెండు చేతులకీ తొడిగాను. హెడ్మిస్ట్రెస్ అమ్మగారు ప్లాట్‌ఫారం మీద నడవాలి మరి! రెండు వేళ్ళు నడిపిస్తే అడుగులు, పిడికిలి చూపిస్తే ఉరుము, అరచేయి తిప్పితే వాన అని సైగలు చేశాను. ఆయన నావంక ఒకసారి, బల్బు వంక ఒకసారి చూసి, మోకాళ్ళ మీద వంగి, నడవడం మొదలుపెట్టాడు.

మొదట్లో అమ్మగారు ప్లాట్‌ఫారం మీద తాగి నడుస్తున్నట్టుంది. ఒక ఉరుము కూడా వాన రాకముందే ఉరిమేశాడు. సెలూనాయన తడబడకుండా, "చూశారా అమ్మా, మా స్టేషన్లో రైలు ఆలస్యం, ఉరుము మాత్రం ముందే వచ్చేస్తుంది" అని కలిపేశాడు. రానురాను ఆయనకి రుచి తెలిసింది. ఆవిడ దిగులుగా ఉన్నప్పుడు చెప్పులు ఈడ్చాడు. రైలు కూత వినపడగానే నేను సైగ చెయ్యకముందే పరుగెత్తించాడు. చొక్కా తడిసిపోయింది, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఈయన మామగారికన్నా పనిమంతుడే అనుకున్నాను.

నాటకం అయిపోయింది. బావ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. శబ్దాల దగ్గరికొచ్చేసరికి నాకేసి చూశాడు. నాకు అల్లుడి పేరు తెలియదు. గుడ్డ మీద గీతలు పెట్టే సుద్దముక్కా, ఒక అట్టముక్కా ఆయన చేతికిచ్చాను. ఆయన ఒక చేతి చెప్పు తీసి తన పేరు రాసిచ్చి, మళ్ళీ తొడుక్కున్నాడు. బావ ఇంటిపేరుతో సహా నిదానంగా, అందరికీ చదివినట్టే చదివాడు: "వాన, ఉరుము, ప్లాట్‌ఫారం మీద అడుగుల చప్పుడు, ఫలానా వారు."

ఆయన చేతులకి నా చెప్పులు తొడుక్కుని అలాగే ఉండిపోయాడు.

ఎర్ర బల్బు ఆరిపోయింది. అదే క్షణంలో కాజాల పిన్ని మెట్లెక్కి వచ్చింది, వెనక ఇంకో కళ్ళజోడు. "పత్రికాయన ఎంత మంచాయనో! బిస్కెట్లన్నీ తిన్నారు, టీ రెండోసారి కూడా పుచ్చుకున్నారు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు" అంది సంబరంగా.

ఆ కళ్ళజోడాయన చేతులు నలుపుకుంటూ, "మా మామగారు పంపించారండీ. నన్నెక్కడ నడవమంటారు?" అన్నాడు.

నేను గిర్రున కంకర కేసి తిరిగాను. కంకర ముందున్నాయన మెల్లగా లేచి, చెప్పులు తీసి జత కలిపి నా చేతికిచ్చి, "నేను పత్రిక నుంచండీ. కళల పేజీ" అన్నాడు.

ముందుగా నవ్వింది హెడ్మిస్ట్రెస్ అమ్మగారు. తర్వాత అందరం. నేను తలుపు చాటుకి పోయి నవ్వాను. బావ ఆయన్ని మైకు ముందున్న తన కుర్చీలోనే కూచోబెట్టి, "క్షమించాలండీ, మా మరదలు మనిషి మంచిదే, చెయ్యే కొంచెం దురుసు. ఇంతకీ నాటకం ఎలా ఉంది? రాస్తారా?" అని అడిగేశాడు. అడగకుండా ఉండలేకపోయాడు పాపం.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "రాయకూడదండీ. ఎవరైనా తాము పాలుపంచుకున్న కార్యక్రమం గురించి రాయకూడదని మా పత్రిక నియమం."

"ఇంకొకళ్ళు రాస్తారేమో?" అన్నాను ఆశగా.

"కళల పేజీకి ఉన్నది నేనొక్కణ్ణేనండీ."

చేజేతులా ముంచాను! ఇన్నాళ్ళకి వచ్చిన ఒక్క మనిషినీ చెయ్యి పట్టుకు లాగి కంకరలో కూలేసింది నేనేగా! అయినా నాకు కోపమే ముందొచ్చింది. "నాటకం సంగతి సరే. ఇన్నాళ్ళూ ఏమైందండీ? గురువారం గురువారం మా బావ మీ పేజీ గొంతు పోయేలా చదువుతున్నాడే, అది మీ చెవిన పడలేదా?"

"పడకేం? మా అమ్మకి చూపు ఆనదు. నేను రాసింది మీ రేడియోలోనే వింటుంది. నేనూ పక్కన కూచుని వింటాను." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నా పేజీని మెచ్చుకునే రేడియోని నేను నా పేజీలో మెచ్చుకుంటే ఏం బాగుంటుందండీ? నా డప్పు నేనే కొట్టుకున్నట్టుంటుంది. అందుకే చెయ్యి రాలేదు. నాటకమైతే రాయొచ్చు, వెళ్ళరా అని మా అమ్మే తరిమింది."

నేను నెత్తి కొట్టుకున్నాను. ఇద్దరికీ ఒకటే జబ్బు! ఈయన తన డప్పు కొట్టుకోడు, ఆయన తన డప్పు కొట్టుకోడు, రెండు డప్పులూ అటక మీద బూజు పట్టి ఉన్నాయి.

అంతలో ఆయన ఫోను మోగింది. ఎత్తకముందే అటు నుంచి ముసలి గొంతు గదంతా వినిపించింది. "ఒరే, నీ పేరు చెప్పార్రా! రేడియోలో! ఇంటిపేరుతో సహా! పక్కింటావిడకి కూడా వినపడింది! వాన నువ్వేనట కదరా!"

"అవునమ్మా. నేనే" అన్నాడాయన.

గురువారం వచ్చింది. పేజీలో మా గురించి ఒక్క ముక్క లేదు. ఉండదని తెలిసినా నేను అటూ ఇటూ తిప్పి చూశాను. అగ్గిపుల్లలాయన రెండో అంతస్తు వేశాడట, దానికి అరపేజీ. బావ మడిచిన పేపరు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. సాయంత్రం బస్టాండుకి వెళ్తానని పొద్దున్నే అక్కతో చెప్పాడట. అక్క సరేనని డ్యూటీకెళ్ళిపోయింది, ఏడిస్తే చూడలేనని నాకు ఫోను చేసింది. ఏడ్చేది ఎవరో చెప్పలేదు. నేను షాపు కాజాల పిన్నికి వదిలేసి బావ వెనకే పైకి వెళ్ళి, పరుపుల గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఎర్ర బల్బు వెలిగింది. బావ చదివాడు. అగ్గిపుల్లల మేడ రెండో అంతస్తు గురించి కూడా అంత బాగా చదివాడు, వింటే ఇల్లు అద్దెకి కావాలనిపిస్తుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ గొంతు రేపట్నుంచి ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాలా?

సగంలో మెట్ల మీద అలికిడయింది. కళల పేజీ ఆయన. చంకలో ఒక సంచి. ఈసారి నోరు తెరవలేదు, పద్ధతి తెలిసిపోయింది. బల్బుకి దణ్ణం పెట్టినంత పని చేసి, పిల్లిలా వచ్చి కంకర పళ్ళెం పక్కన కూచుని, సంచిలోంచి గట్టి అడుగున్న పాత బూట్ల జత తీసి చూపించాడు. ఆదివారం నాటకానికి అని సైగ. ఆదివారం నాటకం లేదని ఏ సైగతో చెప్పను? రెండు చేతులూ ఊపి, బావ వంక చూపించి, గొంతు దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. కాజాల పిన్ని దగ్గర ఇంకొంచెం నేర్చుకోవాల్సింది. కానీ ఆయనకి అర్థమైంది. బూట్లు మెల్లగా కింద పెట్టేశాడు.

బావ పేజీ ముగించాడు. పేపరు మడిచాడు. అలవాటు కొద్దీ పేర్లు చదివాడు. ఫ్యాను ఆపినవారు అంటూ నా పేరు చదివాడు. గొంతు సవరించుకున్నాడు. "శ్రోతలకి ఒక మనవి. ఇక ఈ మేడమీది రేడియో..."

"ఒక్క నిమిషం" అన్నాడు కళల పేజీ ఆయన.

ఎర్ర బల్బు వెలుగుతుండగానే! నా చెయ్యి లేచింది గానీ, ఆయన నోటి దాకా పోలేదు.

ఆయన మైకు ముందుకి వంగాడు. "మీరు ఒక పేరు చదవడం మర్చిపోయారు. ఎప్పుడూ మర్చిపోతున్నారు. నేను రాయకూడదన్నారు గానీ మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. ఈ పేజీ ఇంత బాగా చదివినవారు, ఆదివారం నాటకం ఆడించినవారు, ఈ ఊళ్ళో అందరి పేర్లూ అందరికీ వినిపించినవారు..." అని ఆగి, మా బావ పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, నిదానంగా.

బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. జీవితంలో మొదటిసారి మైకు ముందు మా బావకి మాట రాలేదు. కళ్ళమ్మట ధారగా నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మైకు మీటకేసి వెళ్తోంది, అందడం లేదు. రేడియోలో చప్పుడు లేకపోతే స్టేషను ఆగిపోయిందనుకుంటారు జనం. నాకేం తోచలేదు. గబుక్కున జల్లెడ అందుకుని బఠాణీలు తిప్పడం మొదలుపెట్టాను. కళల పేజీ ఆయన చటుక్కున రేకు అందుకుని మెల్లగా ఒక ఉరుము ఉరిమించాడు. ఎండ పేలిపోతున్న పొద్దుటిపూట మేడమీది రేడియోలో జోరున వాన కురిసింది. ఏడుస్తూ, నవ్వుతూ ఎంతసేపు తిప్పానో నాకే తెలియదు.

ఆ టైములో ఆస్పత్రి ల్యాబులో మా అక్క ఎవరిదో చెయ్యి పట్టుకుని నరం వెతుకుతోందట, పక్కన బల్లమీద ఫోన్లో మా రేడియో. "ఆయన మా ఆయన" అందట ఆ పేషెంటుతో. "వాన పడుతోందేంటమ్మా?" అన్నాడట ఆయన. "మా చెల్లి" అందట.

చివరికి బావ చొక్కా చేతికి మొహం తుడుచుకుని మైకు దగ్గరికి జరిగాడు. గొంతు బొంగురు పోయింది, అయినా వార్తలు చదివే గొంతే.

"శ్రోతలకి ఒక మనవి" అన్నాడు మళ్ళీ. నేను జల్లెడ ఆపేశాను. "వచ్చే ఆదివారం నాటకంలో గుర్రం ఉంది. గుర్రపు డెక్కల చప్పుడు చెయ్యగలిగినవారు ఎవరైనా ఉంటే మేడమీదికి రండి. ఎర్ర బల్బు వెలుగుతుంటే మాత్రం మాట్లాడకండి. మా మరదలు ఊరుకోదు."